చెలమ నీరు, నల్లా నీరు

హైదరాబాదు పాతబస్తీకిని అఫ్జల్‌గంజికిని నడుమ మూసీనదిపై నున్న వంతెనకు నయాపూల్ అని పేరు. అనగా కొత్త వంతెన. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన పురానాపూల్ ఎగువన ఉన్నది గనుక, దానితో పోల్చి జనులు దీనికీ పేరు పెట్టిరి. 1857 మొదలు 1869 వరకు పాలించిన ఐదవ నిజాము అఫ్జలుద్దౌలా కాలమున ఇది మొదట వెలసినది. నూరేండ్లు దాటిన పిమ్మట కూడ కొత్తది యను పేరుతోనే చెల్లుచున్న వస్తువులు లోకమున అరుదు. నేడు ఈ వంతెనపై నిలిచిన వారికి దక్షిణపు గట్టున హైకోర్టు గుమ్మటములు, సాలార్‌జంగు మ్యూజియము, ఉత్తరపు గట్టున ఉస్మానియా ఆసుపత్రి భవనము కానవచ్చును. క్రిందికి చూచిన మాత్రము కన్నులకు ఇంపుగా నుండదు. అచట పారునది చాలవరకు నగరపు మురుగు.

1908 సెప్టెంబరు 28వ తేదీన ఈ నది పొంగి నగరమును ముంచివేసెను. ఎగువన చెరువులు ఒకదాని వెంట నొకటి తెగి ఆ నీరంతయు మూసీలో పడినది. నయాపూల్‌తో పాటు ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన కొట్టుకొనిపోయినవి. ముదుసలి పురానాపూల్ నిలిచినది. సుమారు పదునైదువేల మంది ప్రాణములు కోల్పోయిరని అంచనా. ఆసుపత్రి ఆవరణములోని చింతచెట్టు నెక్కి నూట ఏబది మంది బ్రదికిరను మాట నేటికిని నగరమున చెప్పుకొందురు. ఈ వరద కథ పలువురు చెప్పినదే. ఆ వరద వెనుక మన ఇండ్లకు వచ్చిన నల్లా నీటి కథ, అందులో ఇసుకకు గల పాత్ర అంతగా చెప్పుకొనబడలేదు. ఈ ప్రసంగమున దానినే ముచ్చటింపదలచితిని.

ఇసుకతో నీటిని వడగట్టుట మనకు ఎవరో నేర్పిన విద్య కాదు. వేసవిలో ఏటిపాయ సన్నగిల్లి కలకబారినప్పుడు మన పల్లెపడుచులు ఆ పాయలో కడవ ముంచరు. పాయకు కొంత ఎడముగా ఇసుకలో చేతులతో గుంట తీయుదురు. అదియే చెలమ. మొదట ఊరిన నీరు కలకగానే యుండును. దానిని చిప్పతో తోడి పారబోయుదురు. రెండు మూడు సారులు తోడిన పిదప ఊరిన తేటనీటిని మాత్రమే కడవ కెత్తుదురు. ఈ 'మొదటి నీరు పారబోయవలెను' అను చిన్న నియమమును శ్రోతలు గుర్తుంచుకొనగోరుదును. పెద్ద పెద్ద ఇంజనీర్లు కట్టిన వడపోత శాలలలో కూడ ఇదే నియమము మరల కనబడును.

ఏరు లేని చోట చిల్లగింజ ఉన్నది. కలకనీటి కుండలో దానిని అరగదీసి కలిపినచో మట్టి అడుగునకు దిగును. సంస్కృతమున దీనిని కతకము అందురు. సుశ్రుతుడు దీనిని పేర్కొనినాడు. నీటిలో తేలియాడు సన్నని మట్టిరేణువులు ఒకదానినొకటి దూరముగా నెట్టుకొనుచుండుటచే ఎంతసేపైనను దిగవు. చిల్లగింజలోని పదార్థము వానిని కలిపి ముద్దలుగా చేయును. ముద్ద బరువెక్కి దిగును. నేటి నీటిశాలలలో పటిక చేయు పని ఇదియే. ఇక మూడు కుండల వడపోత సంగతి మన ఇండ్లలో పెద్దలెరుగుదురు. పై కుండలో కలకనీరు, నడిమి కుండలో బొగ్గు, ఇసుక, క్రింది కుండలో తేటనీరు.

హైదరాబాదునకు 1591లో పునాది పడిన నాటికే గోలకొండ కోటలో మట్టిగొట్టములతో నీటిని ఎత్తైన చోటులకు నడిపించు నేర్పు ఉండెను. హుస్సేన్‌సాగరము 1562లో వెలసినది. 19వ శతాబ్ది ఆరంభమున దివాను మీర్ ఆలం పేర పాతబస్తీకి నైరుతిగా ఒక చెరువు ఏర్పడెను. ఇరువదియొక్క అర్ధచంద్రాకారపు కమానులను వరుసగా నిలిపి నీటి బరువును వానిపై మోపిన ఆ కట్టను చూచి నేటికిని ఇంజనీర్లు తల పంకింతురు. ఇవి గాక ఇంటింటి చేదబావులు. బావి లేని ఇంటికి తోలుతిత్తి భుజమున వేసికొని భిస్తీ తెచ్చు నీరు. వీని మంచిచెడ్డలను జనులు కంటితోను నాలుకతోను నిర్ణయించుచుండిరి. తేటగా నున్న నీరు మంచినీరు. ఆ నమ్మిక అంతటను ఉండినదే. కలరా వచ్చినప్పుడు గాలిని, గ్రహములను, అమ్మవారిని తలచిరి గాని కడవలోని తేటనీటిని శంకించినవారు తక్కువ.

పాశ్చాత్యులును ఈ విషయమున మనకంటె ముందుగా ఏమియు ఎరుగరు. స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున జాన్ గిబ్ అను బట్టలు తెల్లబరచు కర్మాగారపు యజమాని 1804లో తన పని కొరకు ఇసుకతో నీటిని వడగట్టి, మిగిలిన నీటిని ఊరివారికి అమ్మెను. నూలుబట్టకు మరక పడకుండుటయే ఆయన ఆరాటము. ప్రజల ఆరోగ్యము కాదు. 1829లో జేమ్స్ సింప్సన్ లండనులోని చెల్సీ నీటి కంపెనీకి పెద్ద ఇసుక పడకను నిర్మించెను. దాని ఉద్దేశమును థేమ్సు నది బురదను తీసివేయుటయే. 1852లో వెలువడిన శాసనము లండను కంపెనీలన్నియు నదీజలమును వడగట్టి తీరవలెనని విధించినది. 1854లో జాన్ స్నో అను వైద్యుడు కలరాకు మూలము నీరేనని చూపెను. కలరా క్రిమిని రాబర్ట్ కోఖ్ ఈజిప్టులోను, మన కలకత్తాలోను వెదకి పట్టినది 1883-84 సంవత్సరములలో. అనగా ఏ శత్రువుతో పోరాడుచున్నదో తెలియకయే ఇసుక ఎనుబది సంవత్సరములు పోరాడినది.

ఆ పోరాటపు ఫలము 1892లో జర్మనీలో బయటపడెను. ఎల్బ్ నది ఒడ్డున హాంబర్గు, ఆల్టోనా అను రెండు పట్టణములు ఒకదాని నొకటి ఆనుకొని యుండెను. హాంబర్గు నది ఎగువన నీరు తీసికొని వడగట్టకయే పంచుచుండెను. ఆల్టోనా దిగువన, హాంబర్గు మురుగంతయు కలిసిన పిదపటి నీటిని తీసికొనుచుండెను. కాని ఇసుక పడకలలో వడగట్టి పంచుచుండెను. ఆ యేడు కలరా వచ్చి హాంబర్గులో ఎనిమిదివేలకు పైగా జనులను బలిగొన్నది. ఆల్టోనాలో వ్యాధి స్వల్పము. రెండు పట్టణముల హద్దు వీధిలో ఒక వైపు ఇండ్లలో కలరా, ఎదుటి వైపు ఇండ్లలో క్షేమము. గాలి ఇద్దరికి ఒకటే, నేల ఒకటే. నీరు మాత్రమే వేరు. ఇంతకు మించిన నిదర్శనము శాస్త్రమునకు దొరకదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. పాఠ్యపుస్తకములు తరచుగా విడిచిపెట్టు భాగము ఇది. 1893 శీతకాలమున అదే ఆల్టోనాలో కలరా తలచూపెను. కోఖ్ వెదకి చూడగా, గడ్డకట్టు చలిలో ఒక ఇసుక పడకను శుభ్రము చేయుటలో అది చెడి, సరిగా వడగట్టని నీరు ఊరిలోనికి పోయినట్లు తేలినది. ఆరు నెలలకు ముందు ఊరిని కాచిన ఇసుకయే అది. కట్టడము మారలేదు, నది మారలేదు. దానిని ఉంచవలసిన తీరున ఉంచలేదు. అంతియే భేదము.

ఇప్పుడు మన మూసీ కడకు వత్తము. వరద వెనుక నగరమును కాపాడు ఉపాయము చెప్పుటకు 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య పిలువబడెను. ఆనకట్టల నిర్మాతగా ఆయన కీర్తి మనకు తెలిసినదే. అంతకు పదునైదేండ్లకు ముందు సింధు దేశములోని సుక్కూరులో ఆయన చేసిన చిన్నపని అంతగా ప్రచారము పొందలేదు. సింధునది నీరు బురదమయము. దానిని అట్లే కొండపైకి ఎక్కించి ఊరికి పంచుచుండిరి. వడపోత పడకలు కట్టుటకు పురపాలకసంఘము వద్ద ధనము లేదు. అంతట విశ్వేశ్వరయ్య నది ఒడ్డుచేరువ ఇసుకలోనే బావి త్రవ్వించి, అందుండి నది గర్భము క్రిందికి సొరంగము తొలిపించి, ఇసుక గుండ ఊరిన నీటిని పట్టించెను. చదువుకొన్న ఇంజనీరు ఒక నగరమునకు తీసియిచ్చిన చెలమ తప్ప అది మరేమి?

హైదరాబాదులో ఆయన సూచన వేరు. నదిని ఊరిలో కట్టడి చేయుట కాదు, ఊరికి ఎగువననే వరదను పట్టి నిలుపవలెనని ఆయన చెప్పెను. మూసీపై గండిపేట కడ కట్టిన ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని ఉపనది ఈసీపై కట్టిన హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ఈ పనులలో నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు పేరు తలపక పోరాదు. మొదటి జలాశయములో సుమారు 3.9 శతకోటి ఘనపుటడుగులు, రెండవదానిలో సుమారు 2.97 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టును. వరద కొరకు కట్టినది గదా, త్రాగునీటికిని పనికివచ్చునని తలచుట సహజము. కాని ఈ రెండు ప్రయోజనములకు లోలోపల పొత్తు కుదరదు. వరదను పట్టవలెనన్నచో జలాశయము ఖాళీగా నుండవలెను. దాహము తీర్చవలెనన్నచో నిండుగా నుండవలెను. వాన ముమ్మరమైన ప్రతి యేడును తలుపులు ఎప్పుడు ఎత్తవలెను, ఎంత ఎత్తవలెను అను చర్చ నగరమున లేచుటకు మూలము ఇదియే.

ఉస్మాన్‌సాగరపు నీరు యంత్రముల సాయము లేకయే, కేవలము వాలు చొప్పున, రాతికట్టడపు కాలువలో ఆసిఫ్‌నగరునకు వచ్చును. హిమాయత్‌సాగరపు నీరు మీర్ ఆలం చెరువు చేరువ నున్న వడపోత శాలకు పోవును. ఈ రెండు స్థలములను నగరవాసులు 'ఫిల్టర్ బెడ్స్' అనియే పిలుచుట వాడుక. బస్సు దిగువారును, చిరునామా చెప్పువారును ఆ మాట వాడుదురు గాని, ఆ పడకపై పరుండినది ఎవరని అడుగరు. పరుండినది ఇసుక.

ఇసుక పడకలు రెండు తెగలు. పెయిస్లీ, చెల్సీ, ఆల్టోనాల నాటిది నిదానపు పడక. ఒక పెద్ద తొట్టి. అడుగున చిల్లుల గొట్టములు. వానిపై అడుగు మందమున గులకరాళ్ళు. ఆపైన మూడడుగుల సన్నని ఇసుక. ఇసుకపై నాలుగైదు అడుగుల నీరు. ఈ నీరు గంటకు నాలుగు నుండి ఎనిమిది అంగుళముల చొప్పున మాత్రమే దిగవలెను. నత్త నడక కూడ ఇంతకంటె వడిగలది. మద్రాసు నగరమునకు 1914లో కీల్పాకునందు ఏర్పడిన పడకలు ఈ తెగకు చెందినవే.

ఇసుకరేణువుల నడుమ సందులు క్రిమికంటె ఎన్నో రెట్లు పెద్దవి. జల్లెడవలె ఆపుటకు అవి చాలవు. మరి క్రిమి ఎట్లు చిక్కును? కొత్తగా నింపిన పడక నిజముగనే క్రిమిని ఆపజాలదు. కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు రెండు మూడు వారములు నీరు పారిన మీదట ఇసుక పైభాగమున సన్నని జిగట పొర ఏర్పడును. నాచు, మట్టి, కంటికి కనబడని కోట్లకొలది ప్రాణులు కలిసి అల్లిన చర్మము అది. ఆ ప్రాణులు వచ్చిన క్రిములను తినివేయును. జిగట వానిని పట్టి నిలుపును. పనివారు దీనిని పడక 'పండినది' అందురు. శుభ్రపరచునది ఇసుక అనుకొనుచున్నాము గాని, శుభ్రపరచునది ఇసుకపై నిలిచిన మురికియే. ఇది విన్న గృహిణులకు రుచింపదేమో గాని, యథార్థము ఇంతే.

పడక కాపు పని యంతయు ఈ చిక్కులోనే యున్నది. పొర మందమగు కొలది నీరు దిగుట కష్టమగును. ఒక దినమున నీరు చాలదు. అప్పుడు పడకను ఆపి, నీటిమట్టమును ఇసుకకు కొలదిగా దిగువకు దించి, పలకలు పరచి వానిపై నడచుచు, బల్లపరుపు పారలతో పై పొరను మాత్రము అర అంగుళము, ముప్పాతిక అంగుళము మందమున గీచి తీయుదురు. తరచుగా తీసినచో పండిన పొర నిలువదు, క్రిమి దాటిపోవును. తీయక జాగు చేసినచో నీరు రాదు; వచ్చుటకై క్రింది తూమును మరింత తెరచినచో నీటిలో కరగియున్న గాలి ఇసుక నడుమ బుడగలై లేచి పడకను పగులగొట్టును. పగులు గుండ పోయిన నీరు వడపోయబడినది కాదు. గీచిన పిదప నీరు నింపుటకును ఒక పద్ధతి ఉన్నది. పైనుండి కుమ్మరింపరాదు. అడుగునుండి వడగట్టిన నీటినే మెల్లగా ఎక్కించి ఇసుకలోని గాలిని వెడలగొట్టవలెను. ఆ మీదట మొదట దిగిన నీటిని ఊరికి పంపక పారబోయవలెను. చెలమ కడ మన పడుచు చిప్పతో చేసిన పనియే ఇది.

గీచిన కొలది ఇసుక తరుగును గదా. మూడడుగులు రెండడుగులకు దగ్గరైనప్పుడు మరల పూరింపవలెను. కొత్త ఇసుకను పైన పోసి చదును చేయుట సులభముగా తోచును. నేర్పరులు అట్లు చేయరు. మిగిలిన పాత ఇసుకను ప్రక్కకు తీసి, కొత్తదానిని అడుగున పరచి, పాతదానిని దానిపై పరతురు. అందులో నివసించు ప్రాణులు పోకుండ పడక త్వరగా పండుటకు ఇది ఉపాయము. మన ఇండ్లలో పాలు తోడుపెట్టుటకు నిన్నటి పెరుగును దాచినట్లు.

రెండవది వడిగల పడక. జనము పెరిగి స్థలము చాలని పట్టణములకై గత శతాబ్ది చివర అమెరికాలో పెంపొందినదని ఒకప్పుడు వ్రాసెడివారు. నేటి లెక్కకు అది 19వ శతాబ్ది చివర. 1902లో న్యూజెర్సీలోని లిటిల్ ఫాల్సులో జార్జి ఫుల్లర్ నిర్మించినది దీనికి మాదిరి. ఇందు ముందుగా పటిక కలిపి మట్టిని ముద్దగట్టించి, పేర్చి, మిగిలినదానిని ముతక ఇసుక గుండ గంటకు పదునారు అడుగులకు పైగా దించుదురు. నిదానపు పడకకంటె నలుబది రెట్లు వడి. అందుచే జిగట పొరకు తావు లేదు. పటిక ముద్దలు రేణువులకు అంటుకొనుటయే ఇచట వడపోత. దినమునకో రెండు దినములకో ఒకమారు ఇసుక నిండును. అప్పుడు అడుగునుండి గాలిని, ఎదురునీటిని వడిగా పంపగా ఇసుకయంతయు ఉబికి, పొంగి, రేణువు రేణువు రాసికొని కడుగుకొనును. పది పదునైదు నిమిషములలో పని ముగియును.

ఇది చూచుటకు ఇంపైన పనియే గాని మోసము లేకపోలేదు. ఎదురునీరు మందమైనచో మురికి వదలక ఇసుకతో కలిసి మట్టియుండలు కట్టును. అవి పెరిగి అడుగునకు దిగి నీటికి అడ్డుపడును. నీరు అడ్డులేని చోట వెదకికొని ఒక్క దారినే పరుగెత్తును. ఎదురునీరు మితిమీరినచో ఇసుక గట్టు దాటి మురుగులో పోవును, క్రింది గులకరాళ్ళు చెదరును. తొట్టి గోడకును ఇసుకకును నడుమ వెలితి ఏర్పడినచో నీరు గోడవెంట జారి వడపోయబడకయే బయటపడును. కంటికి ఇవేవియు వెంటనే తెలియవు. వచ్చు నీటిలోని కలకను గంటగంటకు కొలిచి వ్రాసికొను పుస్తకము చూచిన వానికి తెలియును.

నేడు నగరమున పాఠశాలలలోను, హోటళ్ళలోను, క్రొత్త గృహసముదాయములలోను ఈతకొలనులు కలవు. వాని ప్రక్క గదిలో గుండ్రని మూతగల తొట్టి ఒకటి ఉండును. అందున్నది ఈ వడిగల పడకయొక్క బిడ్డయే. పంపు కొలనునీటిని ఒత్తిడితో ఇసుక గుండ త్రోసి మరల కొలనుకే పంపును. ఇసుక నిండిన కొలది తొట్టిపై నున్న ఒత్తిడి గడియారపు ముల్లు ఎక్కును. కడిగిన దినమున ముల్లు చూపినదానికంటె చదరపు అంగుళమునకు ఎనిమిది, పది పౌనులు ఎక్కువైనప్పుడు ఎదురునీటితో కడుగవలెను. దినదినము కడుగుట శుచి యనుకొను కాపరులు కొందరున్నారు. అది నష్టము. కొంచెము మురికి నిలిచిన ఇసుకయే సన్నని రేణువులను పట్టును. కడిగిన వెంటనే ముల్లు మరల పైకెక్కుచున్నచో స్నానపు నూనెలు, లేపనములు ఇసుకను ముద్దగట్టించినవని అనుమానింపవలెను. ముల్లు ఎక్కక, కొలను కలకగానే యున్నచో నీరు ఇసుకలో సందు చేసికొని పోవుచున్నదని గాని, క్లోరిను చాలలేదని గాని తలపవలెను. కొలను అడుగున ఇసుక కనబడినచో తొట్టిలోని చిల్లులగొట్టము విరిగినది. ఎంత కడిగినను లాభము లేదు, మూత విప్పవలసినదే. కడిగిన పిదప వచ్చు మొదటి నీరు ఇచటను కొలనుకు పోరాదు.

ఇసుక ఎంత బాగుగా పనిచేసినను పూర్తిగా నమ్మరాదని ఇంజనీర్లు గ్రహించి, కడపట క్లోరినును చేర్చిరి. ఇందొక వింత కలదు. అమెరికాలోని జెర్సీ నగరపు నీటికి బూన్టన్ జలాశయము కడ క్లోరినును నిత్యము కలుపుట ఆరంభించినది 1908 సెప్టెంబరు 26న. రెండు దినములకు మూసీ పొంగెను. ఆ నగరమునకు ఆ మందు లభించిన వారముననే మన నగరము మునిగినది. అయితే క్లోరిను వచ్చినది గదా యని ఇసుకను అలక్ష్యము చేయరాదనుటకు 1993లో అదే దేశములోని మిల్వాకీ నగరము తార్కాణము. ఒక వడపోత శాల నుండి వచ్చు నీరు కొలది దినములు కలకబారెను. క్లోరినుకు చావని సూక్ష్మజీవి ఒకటి అందు దాటిపోయి నాలుగు లక్షల మందికి పైగా జబ్బు తెచ్చినది. దానిని ఆపగలిగినది ఇసుక పడక. ఆ దినములలో అది ఆపలేదు.

హైదరాబాదునకు 1965 నుండి మంజీరా నీరు, 1990ల తొలినాళ్ళలో సింగూరు నీరు, 2004 నుండి కృష్ణ, 2015 నుండి గోదావరి వచ్చి చేరినవి. జంట జలాశయముల వంతు తగ్గెను గాని వాని విలువ తగ్గలేదు. వాలు చొప్పున వచ్చు నీటికి కరెంటు ఖర్చు లేదు. దూరపు నదుల నీటిని వందల అడుగులు ఎత్తవలెను. ఆ జలాశయముల చుట్టు పది కిలోమీటర్ల మేర కర్మాగారములు, పెద్ద కట్టడములు రాకుండ 1996లో 111వ నంబరు ప్రభుత్వోత్తర్వు వెలువడెను. 2022లో 69వ నంబరు ఉత్తర్వుతో ఆ ఆంక్షలను సడలింపగా పెద్ద వాదము చెలరేగినది. నా తలపులో ఆ పది కిలోమీటర్ల లోపలి పొలములు, చెలకలు కూడ ఇసుక పడకలో భాగమే. మట్టిని, పేడను, నాచును ఇసుక ఆపగలదు. నీటిలో కరగిపోయిన రసాయనమును అది ఆపజాలదు, చూడనైనను చూడదు.

ఇక శాల దాటిన నీటి సంగతి. 1909లో విశ్వేశ్వరయ్య వరదతో పాటు నగరపు మురుగునీటి పారుదల గురించి కూడ ఆలోచించెను. ఆ రెండు గొట్టములు, మంచినీటిదియు మురుగుదియు, ఇరుకు గల్లీలలో ప్రక్కప్రక్కన పోవుచుండును. నల్లా వచ్చు వేళ గొట్టము నిండి ఒత్తిడితో నుండును. కట్టివేసిన వేళ ఖాళీయై బయటి తడిని లోనికి పీల్చును. 2009 మే నెలలో భోలక్‌పూరులో కలుషితమైన నల్లా నీరు త్రాగి పలువురు మరణించిరి, ఎందరో ఆసుపత్రుల పాలైరి. అందుచేతనే వీధి మొదటి నల్లా కడ కాక, చిట్టచివరి నల్లా కడ నీటిని పరీక్షింపవలెనని నియమము. చిన్న గాజుగొట్టములో నీరు పట్టి మందుచుక్కలు వేసినప్పుడు పసుపు ఛాయ తేలవలెను. లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనను క్లోరిను మిగిలియున్నట్లు అది గురుతు. ఛాయ తేలలేదా, ఆ దినము ఆ గల్లీవారు నల్లా విప్పగానే వచ్చు నీటిని కొంతసేపు పారబోసి, మిగిలినదానిని బాగుగా కాచి చల్లార్చి త్రాగుట మేలు.